70 శాతం డార్క్ చాక్లెట్: రోజుకు ఒక్క ముక్క

మూడు వారాలుగా రోజూ రాత్రి భోజనం ముగిశాక ఒక్క చిన్న ముక్క చొప్పున తింటున్న 70 శాతం డార్క్ చాక్లెట్ గురించి ఈ సమీక్ష. అట్ట మీద ఉన్న 70 శాతం అంటే కోకో గింజల పిండి, కోకో వెన్న కలిసిన మొత్తం. మిగిలినదాంట్లో ఎక్కువ భాగం చక్కెరే. ఇందులో వేరే కొవ్వులేవీ కలపకపోవడం నన్ను మొదట ఆకట్టుకుంది. ఆ వెన్న దాదాపు 34 డిగ్రీల సెల్సియస్ దగ్గర, అంటే ఒంటి వేడికి కాస్త దిగువన కరుగుతుంది కనుక, ముక్కను నమలకుండా నాలుక మీద ఉంచితే తొలుత చేదు, ఆపైన ఎండుపళ్లను తలపించే పులుపు, చివరగా వేయించిన గింజల కమ్మదనం ఒకదాని వెంట ఒకటి తెలిసివస్తాయి. ఈ చివరి రుచి కోసమే నేను రాత్రి దాకా ఎదురుచూస్తాను. విరిచినప్పుడు టక్కుమనే చప్పుడు, పైనున్న నిగనిగ టెంపరింగ్, అంటే కరిగిన చాక్లెట్‌ను తగిన వేడిలో ఉంచుతూ మెల్లగా చల్లార్చి గట్టిపరిచే పని, శ్రద్ధగా చేశారనడానికి గుర్తులు.

లోపమల్లా పొట్లమే. ఒకసారి తెరిస్తే మళ్లీ గట్టిగా మూయడానికి వీలుండదు, చాక్లెట్‌కేమో చుట్టుపక్కల వాసనలు ఇట్టే పట్టేస్తాయి. అందుకే బిగుతు మూత ఉన్న డబ్బాలో, చల్లని అలమరలో దాస్తున్నాను. ఫ్రిజ్‌లో పెట్టి తీస్తే తేమ పట్టి, పైపొరలోని చక్కెర కరిగి ఆరి, తెల్లని మచ్చలుగా మిగులుతుంది. పాల చాక్లెట్ తీపికి అలవాటుపడినవారికి మొదటి రెండు మూడు రోజులు ఇది కటువుగా అనిపించవచ్చు, అయినా అప్పుడే పక్కన పెట్టవద్దని నా మనవి.