నేలపట్టులో గైడుకిచ్చిన 1,500 దండగ

నేలపట్టు పక్షుల అభయారణ్యానికి వెళ్లేవాళ్లకి ముందే చెబుతున్నా, ప్రైవేటు గైడును మాత్రం మాట్లాడుకోకండి. సూళ్లూరుపేటలో మేం దిగిన లాడ్జివాళ్లు ఒకాయన్ని అంటగట్టారు. 1,500 తీసుకుని గట్టు మీద నిలబడి ఆయన చెప్పింది ఒకటే మాట: "అవన్నీ సైబీరియా నుంచి వచ్చినవి మేడమ్." గూడబాతును (పెలికాన్) అడిగినా అదే, ఎర్రకాళ్ల కొంగను అడిగినా అదే. చెట్టు మీద రెక్కలు ఆరబెట్టుకుంటున్న నీటికాకిని కూడా సైబీరియాకే పంపేశాడు. నాకు ఒళ్లు మండిపోయింది. పక్కన మావాడు అదంతా నిజమనుకుని వింటున్నాడు మరి.

అక్కడ గూళ్లు కట్టే ఈ పక్షులు మన దేశంవే. ఈశాన్య రుతుపవనాల వానలకి చెరువు నిండగానే వచ్చి, నీళ్లలో నిలబడి ఉండే కడప చెట్ల మీద గూళ్లు పెట్టి పిల్లల్ని చేస్తాయి. చుట్టూ నీళ్లుంటే పిల్లులూ నక్కలూ గూటి దాకా రాలేవు. మేతకి పులికాట్ సరస్సు దగ్గర్లోనే ఉంది. 1976లో దీన్ని అభయారణ్యం చేసింది ముఖ్యంగా ఈ గూడబాతుల కోసమే. చలికాలం గడపడానికి ఉత్తరాది దేశాల నుంచి దిగేవి సూదితోక బాతుల్లాంటివి. అవి ఇక్కడ గూడు కట్టవు.

గైడును పంపేశాక వాచ్ టవర్ దగ్గర ఒక పెద్దాయన కలిశాడు, అక్కడి వాచర్. పైసా అడగలేదు. "రంగు సంగతి వదిలేయండమ్మా, ముక్కు చూడండి. ఏం తింటుందో ముక్కే చెబుతుంది" అన్నాడు. అప్పటి నుంచీ మాకు కొంగలన్నీ విడివిడిగా కనబడటం మొదలైంది. ఎర్రకాళ్ల కొంగ పసుప్పచ్చ ముక్కును సగం తెరిచి నీళ్లలో ముంచి అటూ ఇటూ ఊపుతూ నడుస్తుంది, కాలితో బురద కెలుకుతుంది. చేప ముక్కుకి తగలడం ఆలస్యం, టక్కున మూసేస్తుంది. కళ్లతో వెతికే పనే లేదు. నత్తగుల్ల కొంగ ముక్కు మూసినా మధ్యలో సందు ఉండిపోతుంది, అందులోంచి అవతలి వెలుతురు కనిపిస్తుంది. పిల్ల కొంగలకి ఆ సందు ఉండదట. తెడ్డుమూతి కొంగను ఎవరూ చెప్పక్కర్లేదు, పేరులోనే ఉంది. పొద్దుటి నుంచీ ఫోన్ లోంచి తల ఎత్తని మావాడు బైనాక్యులర్ ఎవరికీ ఇవ్వలేదు. ఎండకి విసుక్కుంటున్న అత్తయ్య కూడా గూడబాతు పిల్ల తల్లి సంచిలోకి తలంతా దూర్చి చేప తినడం చూసి కదల్లేదు.

పులికాట్ సాయంత్రం చూశాం. శ్రీహరికోట రోడ్డు సరస్సు మధ్యలోంచే పోతుంది కాబట్టి పడవ అక్కర్లేదు. అక్కడి రాజహంసలు (ఫ్లెమింగోలు) తల తలకిందులు చేసి బురదనీళ్లు వడగట్టుకుని తింటాయి. ఆ గులాబీ రంగు వాటి తిండిలోంచి వచ్చేదే.

లాడ్జి గురించి చెప్పకపోతే అన్యాయం. గది 1,800. తెల్లవారుజామున బయల్దేరతామని రాత్రే చెప్పినా గేటుకి తాళం వేసి కుర్రాడు నిద్రపోయాడు. తలుపులు బాది బాది ఆరున్నరకి బయటపడ్డాం. పక్షులు మేతకి లేచిపోయే అసలు వేళ పోయింది. గూడబాతుల గుంపులు మా ఆటో మీదుగా పులికాట్ వైపు వెళ్తూ కనిపించాయి. అడిగితే మేనేజరు "ఎప్పుడెళ్లినా అవే పక్షులు కదా" అన్నాడు. వేడినీళ్లకి బకెట్టుకి 30 వేరే.

వెళ్తే డిసెంబరు, జనవరిల్లో వెళ్లండి. ఆటో వెయిటింగ్ తో కలిపి రానుపోను 900కి ఒప్పుకున్నారు, ముందే తేల్చుకోండి. గైడు డబ్బుని బైనాక్యులర్ మీద పెట్టండి. గది తీసుకునేముందు గేటు తాళంచెవి ఎవరి దగ్గరుంటుందో అడగండి.