ఎండాకాలం క్రాపీకి 10 అడుగుల జిగ్ పోల్: నాలుగు వేసవులు వాడాక

జూలై వచ్చిందంటే క్రాపీ (అమెరికా మంచినీటి చేప) లోతుకు దిగిపోతుందని, 15, 20 అడుగుల కింద తప్ప దొరకదని టెక్సాస్‌లో చాలామంది అంటారు. నీళ్లు తేటగా ఉండే చెరువుల్లో అది నిజమే, అక్కడ ఈ పోల్ కొనడం దండగ. టెక్సాస్, లూసియానా సరిహద్దులోని క్యాడో చెరువు సంగతి వేరు. అక్కడ నీళ్లు టీ డికాక్షన్ రంగులో ఉంటాయి, సైప్రస్ మానులు నీళ్లలోనే నిలబడి ఉంటాయి. నీటి వేడి 85 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటినా మాను మొదట్లో, నీడలో, 2 నుంచి 4 అడుగుల లోతులోనే చేప దొరుకుతుంది. ఎండ లోపలికి దిగదు, చిన్న చేపలు పక్కనే తిరుగుతుంటాయి. అడుగున ప్రాణవాయువు తక్కువ కాబట్టి కిందికి పోయినా లాభం లేదు.

అలాంటి చోట విసిరే రాడ్ కన్నా 10 అడుగుల గ్రాఫైట్ పోల్ మేలు. మన కాలవగట్ల మీది వెదురు గాలం లాంటిదే, బరువు మాత్రం బాగా తక్కువ. పడవ 8 అడుగుల దూరంలో ఆపి, జిగ్‌ని (తల దగ్గర బరువున్న కొక్కెం ఎర) చప్పుడు లేకుండా మాను పక్కన దించొచ్చు. లోతు తక్కువ నీళ్లలో పడవ నీడ పడితే చేప కదిలిపోతుంది, అందుకే ఆ దూరం కావాలి. 8 అడుగులది చాలదు. 12 అడుగులది కొమ్మల్లో తిప్పడం కష్టం, గంటకే మణికట్టు లాగేస్తుంది.

దారం 8 పౌండ్ల మోనో (ఒకే పోగు నైలాన్ దారం), పసుపుపచ్చది. జిగ్ 1/16 ఔన్సు, గాలిలేని రోజు 1/32. మసక నీళ్లలో నలుపు, చిలకపచ్చ కలిసిన ట్యూబ్ (జిగ్‌కి తొడిగే మెత్తటి ప్లాస్టిక్ ఎర) బాగా పనిచేస్తుంది. కొక్కెం సన్నతీగది కావాలి: మొద్దుకు తగులుకుంటే నిటారుగా లాగగానే వంగి ఊడొస్తుంది, పట్టకారుతో సరిచేసుకోవచ్చు. రెండుమూడుసార్లు వంగాక పారేయాలి.

అన్నిటికన్నా ముఖ్యం ముడి. జిగ్ నీళ్లలో అడ్డంగా, చిన్న చేప ఈదుతున్నట్టు వేలాడాలి. చేప పడిన ప్రతిసారీ ముడి కొక్కెం కంటిలో ముందుకు జారుతుంది, అప్పుడు జిగ్ తోక కిందికి వాలి వేలాడుతుంది. గోటితో ముడిని మళ్లీ కంటి పైభాగానికి జరపాలి. అదే చోట ఉన్నట్టుండి పట్టడం ఆగిపోతే రంగు మార్చకముందు ముడి చూడండి.

దించాక 15 సెకన్లు కదపకూడదు. ఎండలో క్రాపీ వెంటపడదు, కళ్లముందు నిలిచినదాన్ని తింటుంది, అదీ కిందనుంచి పైకొచ్చి. అందుకే చాలాసార్లు లాగినట్టు తెలియదు, దారం వదులవుతుంది అంతే. అప్పుడు మణికట్టుతో అర అడుగు లేపితే చాలు. గట్టిగా గుంజితే కాగితంలాంటి పెదవి చిరిగిపోతుంది. పెద్దదైతే వల తప్పనిసరి.

తెల్లారకముందే దట్టమైన తామరాకుల మధ్యకు దూరొద్దు. రాత్రంతా నాచూ ఆకులూ ప్రాణవాయువు వాడేసుకుంటాయి కాబట్టి ఆ వేళకు లోపల చాలా తక్కువగా ఉంటుంది. అంచులు చూసుకుని, ఎండెక్కాక లోపలికి వెళ్లండి.

ఇక లోపాలు. కొస రింగులోని పింగాణీ పొర పగులుతుంది, పగిలితే దారాన్ని కోసేస్తుంది. దూదిని రింగులోంచి లాగితే పోగు తగులుకుంటుంది, పగులు తెలిసిపోతుంది. పోల్ ముక్కలు కలిసే జోడు దగ్గర వదులైతే కొవ్వొత్తి మైనం రుద్దండి. మోనో ఎండకు బలం కోల్పోతుంది, వేసవిలో రెండు నెలలకోసారి మార్చాలి. గ్రాఫైట్‌లో కరెంటు పారుతుంది: తీగల కింద పోల్ ఎత్తొద్దు, ఉరుము వినపడగానే పడుకోబెట్టి ఒడ్డుకు రండి.

టెక్సాస్‌లో 17 ఏళ్లు నిండితే లైసెన్స్ ఉండాలి. అక్కడ మామూలుగా రోజుకు 25 చేపలు, 10 అంగుళాలకు తగ్గనివి. సరిహద్దు చెరువుల నియమాలు వేరు, చూసుకుని వెళ్లండి. ఈ వేడిలో పట్టి వదిలిన చేప బతకకపోవచ్చు. కాబట్టి వండుకునేంత పడగానే ఆపేయడం న్యాయం. పట్టినదాన్ని బకెట్లో ఉంచొద్దు, వెంటనే ఐసులో పెట్టండి, లేకపోతే గంటలో కండ మెత్తబడుతుంది. అసలే లేత చేప, పులుసులో ముక్క విడిపోతుంది. బియ్యప్పిండి అద్ది వేపుడు చేసుకోండి.