లాడ్జీలు నడిపిన కరస్పాండెంట్, కేవీ నుంచి వచ్చిన ప్రిన్సిపాల్, కార్పొరేట్ డీన్: మా పిల్లల స్కూల్ పెద్దలపై ఒక తల్లి సమీక్ష

తిరుపతిలో స్కూలు వెతికేవాళ్ళు ముందు ఫీజు అడుగుతారు, తర్వాత బస్సు మన వీధికి వస్తుందా అంటారు, ఆ తర్వాత పదో తరగతి ఫలితాలు. స్కూలు నడిపేది ఎవరు, వాళ్ళు ఇంతకుముందు ఏం చేసేవాళ్ళు అని అడిగేవాళ్ళు నాకైతే పెద్దగా తగల్లేదు. మా పెద్దమ్మాయి ఈ స్కూల్లో ఆరులో చేరి పది పూర్తి చేసుకుని వెళ్ళింది. చిన్నోడు ఇప్పుడు ఎనిమిది. ఈలోగా ఇద్దరు ప్రిన్సిపాళ్ళను, ఒక డీన్‌ను, మొదటినుంచీ మారని కరస్పాండెంట్‌ను దగ్గర్నుంచి చూశాను. ఈ సమీక్ష అంతా వాళ్ళ గురించే. స్కూలు పేరు రాయను. రేణిగుంట రోడ్డు వైపు ఒక మధ్యరకం సీబీఎస్ఈ స్కూలు అనుకోండి, చాలు. స్మార్ట్ బోర్డులు, ల్యాబుల సంగతి కావాలంటే బ్రోచర్ ఉండనే ఉంది.

రిసెప్షన్‌లో సోఫాకు ఎదురుగా పెద్ద బోర్డు ఉంటుంది. యాజమాన్యం ఫోటోలు, కింద డిగ్రీలు, ఆ కింద బంగారు రంగు అక్షరాల్లో క్రమశిక్షణ, కరుణ, నిజాయితీ, శ్రేష్ఠత. ఊళ్ళో ఏ స్కూలుకు వెళ్ళినా ఈ మాటలే అటూ ఇటూగా కనిపిస్తాయి. నాకు పనికొచ్చిన సంగతి మాత్రం ఆ బోర్డు మీద లేదు: మా కరస్పాండెంట్ గారు స్కూలు పెట్టకముందు లాడ్జీలు నడిపారు.

నవ్వకండి. యాత్రికుల ఊళ్ళో లాడ్జీ నడిపిన మనిషికి ఒక సంగతి బాగా ఒంటబడుతుంది. గది ఎంత బాగున్నా బాత్రూమ్ కంపు కొడితే వచ్చినాయన మళ్ళీ రాడు. ఈయన క్లాసుల్లోకి తొంగిచూడటం నేనెప్పుడూ చూడలేదు. పొద్దున ఇంటర్వెల్ అయిపోగానే తెల్ల చొక్కాతో నేరుగా బాత్రూముల దగ్గరికి వెళ్తారు. ప్రతి తలుపు వెనకా ఒక అట్ట వేలాడుతుంది, దాని మీద కడిగిన టైము, కడిగినావిడ సంతకం. కొళాయి తిప్పి చూస్తారు, గడియ పడుతుందో లేదో చూస్తారు. ఆడపిల్లల వైపు అదే పని ఆయాలను పెట్టుకుని ఒక మేడమ్ చేస్తుంది. అక్కడ మూత ఉన్న డబ్బా, బకెట్, మగ్గు, నీళ్ళు ఎప్పుడూ ఉంటాయి. మా అమ్మాయి అంతకుముందు చదివిన స్కూల్లో బాత్రూముకు భయపడి సాయంత్రం ఇంటికొచ్చేదాకా నీళ్ళు ముట్టేది కాదు. ఇక్కడ చేరాక వాటర్ బాటిల్ ఖాళీ అయి రావడం మొదలైంది. ఏడు, ఎనిమిది చదివే ఆడపిల్లలున్న తల్లులకు ఇంతకంటే వివరించక్కర్లేదు.

అదే అలవాటు రెండో వైపు కూడా కనిపిస్తుంది. ఏప్రిల్, మే నెలలను ఆయన నోరారా ‘సీజన్’ అంటారు. అడ్వాన్సు కట్టాకే మిగతా మాటలు. మా పెద్దది ఆరులో ఉన్నప్పుడు ఫీజు బాకీ ఉన్న పిల్లల పేర్లు క్లాసులో చదివేవాళ్ళు. ఒకసారి మా పక్కింటి అబ్బోడి పేరు కూడా చదివారు. ఆ వారమంతా వాడు కడుపునొప్పి అని స్కూలు ఎగ్గొట్టాడు. అలాగని ఆయన్ను డబ్బు మనిషని కొట్టిపారేయలేను. టీచర్లకు ఒకటో తారీఖున జీతం పడుతుంది. కరోనా ఏడాది సగానికి తగ్గించారు కానీ ఆపలేదని టీచర్లే చెప్పారు. ప్రైవేటు స్కూళ్ళలో ఇది ఎంత అరుదో టీచర్లున్న ఇళ్ళలో అడగండి. మా అమ్మాయికి ఆరులో లెక్కలు చెప్పినావిడే పదిలోనూ చెప్పింది.

పేర్లు చదవడం ఆపించింది మా పాత ప్రిన్సిపాల్ మేడమ్. పుత్తూరు వైపు మనిషి, మాటలో కొంచెం తమిళం కలుస్తుంది. కేంద్రీయ విద్యాలయాల్లో (కేవీల్లో) పనిచేసి, బదిలీల మీద దేశమంతా తిరిగి, రిటైరయ్యాక ఇక్కడికొచ్చింది. విద్యాహక్కు చట్టంలో 17వ సెక్షన్ ఒకటుందని, అది పిల్లలను కొట్టడంతో పాటు మానసికంగా వేధించడాన్ని కూడా నిషేధిస్తుందని నేను మొదట విన్నది ఆమె నోటనే. పేరెంట్స్ మీటింగులో, కరస్పాండెంట్ గారు పక్కనే కూర్చుని ఉండగా చెప్పింది. ‘బాకీ పెద్దవాళ్ళది సామీ, పిల్లోడిది కాదు’ అని ఆయన వైపు తిరిగి నవ్వుతూ అంది. ఆయన కూడా నవ్వాడు. మర్నాటి నుంచి పేర్లు చదవలేదు.

కేవీల్లో పనిచేసినవాళ్ళకు మధ్యలో వచ్చి చేరే పిల్లలు కొత్త కాదు. తండ్రికి ట్రాన్స్‌ఫర్ అయితే పిల్లాడు నవంబరులో వస్తాడు, భాష రాదు, స్నేహితులు ఉండరు. ఆమె ఆ అలవాటును ఇక్కడికి తెచ్చింది. కొత్తగా చేరిన పిల్లలకు మొదటి నెల మార్కులు ఇంటికి పంపేవాళ్ళు కాదు. ఎనిమిదో తరగతి ఇంగ్లీషు పీరియడ్లు కొన్ని తనే తీసుకునేది. మిగతా క్లాసుల్లో అప్పుడప్పుడూ వెనక బెంచీలో కూర్చుని ఒక చిన్న నోటుబుక్కులో ఏదో రాసుకునేది. టీచరుతో ఆ సంగతి ఎప్పుడు మాట్లాడుతుందో పిల్లలకు తెలిసేది కాదు, అందరి ముందూ మాత్రం మాట్లాడేది కాదు. వరసగా రెండు రోజులు రాని పిల్లల ఇళ్ళకు ఆఫీసు నుంచి ఫోను వెళ్ళాలి, కారణం రిజిస్టరులో రాయాలి అని పెట్టింది.

2021 నవంబరు వానలు తిరుపతిలో ఎవరూ మరిచిపోలేదు. పల్లపు వీధుల్లో ఇళ్ళలోకి నీళ్ళొచ్చి పుస్తకాల సంచులు తేలాయి. స్కూలు తెరిచిన రోజు ఆమె ప్రతి క్లాసుకూ వెళ్ళి ఎవరి ఇంట్లోకి నీళ్ళొచ్చాయో చేతులెత్తమనలేదు. క్లాస్ టీచర్ల చేత ముందురోజే ఫోన్లు చేయించి జాబితా తెప్పించుకుంది. ఆ పిల్లలకు సీనియర్ల పాత టెక్స్ట్‌బుక్కులు, తోటి పిల్లల నోట్సుకు తీసిన జిరాక్సులు సంచిలో పెట్టి ఇంటికి పంపారు. జిరాక్సు ఖర్చంతా కరస్పాండెంట్ గారిది. ఇళ్ళు మునిగిన ఇద్దరు టీచర్ల కుటుంబాలకు తన లాడ్జీలోనే గదులిచ్చాడు, అద్దె మాటే ఎత్తలేదు. యూనిట్ టెస్టు మాత్రం అందరికీ వాయిదా వేయాలా, ఆ పిల్లలకేనా అన్న దగ్గర పెద్ద గొడవైంది. అందరికీ వాయిదా వద్దన్నది డీన్ గారు.

ఇక డీన్ గారు. కార్పొరేట్ జూనియర్ కాలేజీల్లో లెక్కలు చెప్పి, తర్వాత క్యాంపస్ ఇన్‌చార్జిగా చేసి వచ్చారు. కష్టపడే మనిషి, అందులో రెండో మాట లేదు. సాయంత్రం చివరి బస్సు కదిలేదాకా మెట్ల దగ్గర నిలబడి డౌట్లు చెబుతారు. కానీ ఆయనకు పిల్లలందరూ ముందు ర్యాంకుల్లా కనిపిస్తారు. తొమ్మిదికి రాగానే మార్కులను బట్టి సెక్షన్లు విడగొడతారు. రోజూ స్లిప్ టెస్టు. పై సెక్షన్‌కు ఐఐటీ ఫౌండేషన్, మంచి ఫ్యాకల్టీ, కింది సెక్షన్‌కు కొత్తగా చేరిన టీచర్లు. మా ఇంట్లో టెన్షన్ అన్న మాట మొదలైంది అప్పుడే. ఆయన అనుభవమంతా నెల నెలా ఫలితం చూపించకపోతే ఉద్యోగం నిలవని చోట గడిచింది, ఆ భయాన్ని పిల్లల దాకా దించేశారు.

ఒక ఉదాహరణ చెబితే ఇద్దరి తేడా తెలిసిపోతుంది. సీబీఎస్ఈ పదిలో లెక్కలు స్టాండర్డ్, బేసిక్ అని రెండు రకాలు. సిలబస్ ఒకటే, పేపరు కష్టంలోనే తేడా. పైన లెక్కలు చదవాలనుకునేవాళ్ళ కోసం స్టాండర్డ్, అవసరం లేదనుకునేవాళ్ళ కోసం బేసిక్. పదిలో రిజిస్ట్రేషన్ టైముకు డీన్ గారు కింది సెక్షన్‌లో ఒక జాబితా రాసి, వీళ్ళంతా బేసిక్ అన్నారు. అందులో మా అమ్మాయి పేరుంది. ఆయన లెక్క ఆయనది: ‘స్టాండర్డ్ రాసి తప్పితే మీరే నా దగ్గరికి వచ్చి ఏడుస్తారు మేడమ్’ అన్నారు. అందులో నిజం లేకపోలేదు, కొందరు పిల్లలకు బేసిక్ నిజంగానే ఊపిరి పోస్తుంది. ప్రిన్సిపాల్ మేడమ్ ఆ జాబితా మీద సంతకం పెట్టకుండా ఒక్కొక్కరినీ పిలిపించింది. మా అమ్మాయిని అడిగింది ఒకటే: ‘ఇంటర్లో ఏం తీసుకుంటావమ్మా?’ ఇది ‘ఎంపీసీ’ అంది. ‘అయితే స్టాండర్డ్ రాయి, సాయంత్రం డీన్ సార్ దగ్గర కూర్చో’ అని, డీన్ గారికే అప్పగించింది. ఆయన కూడా మొహం మాడ్చుకోకుండా రోజూ ఒక అరగంట చెప్పారు. మార్కులు మరీ గొప్పగా ఏమీ రాలేదు, ఎంపీసీ మాత్రం చదువుతోంది.

మిగతావాళ్ళ సంగతి టూకీగా. బస్సులు, గేటు చూసుకునేది మిలిటరీలో చేసి వచ్చిన ఒకాయన. బ్రహ్మోత్సవాలకు, వైకుంఠ ఏకాదశికి ఊళ్ళో దారులు మళ్ళించినప్పుడల్లా ముందురోజే మన స్టాపు ఎక్కడికి మారుతుందో మెసేజ్ వస్తుంది. కొత్త డ్రైవర్‌ను ఒంటరిగా రూటు మీదికి పంపడు. ఆఫీసు, ఫీజుల పని చూసే ఏఓ గారు బ్యాంకులో పనిచేసి వచ్చారు, రసీదు లేకుండా రూపాయి తీసుకోరు, టీసీ అడిగిన వారంలో ఇస్తారు. ఇక కౌన్సెలర్. సీబీఎస్ఈ నిబంధనల ప్రకారం స్పెషల్ ఎడ్యుకేటర్, కౌన్సెలర్ ఉండాలి. మా స్కూల్లో కౌన్సెలర్ ఫోటో బోర్డు మీద ఉంది, గదికి తాళం ఉంది. వారంలో ఏ రోజు వస్తారో ఆఫీసులో ఇద్దరిని అడిగితే ఒక్కొక్కరు ఒక్కో రోజు చెప్పారు. ఈ స్కూలుకు నేనిచ్చే మార్కుల్లో అన్నిటికంటే తక్కువ ఇక్కడే.

మేడమ్ ఆరోగ్యం బాగాలేక మానేశాక కొత్త ప్రిన్సిపాల్ వచ్చారు. వయసులో చిన్న, ఇంగ్లీషు గలగలా మాట్లాడతారు, అంతకుముందు ఒక పెద్ద స్కూళ్ళ గ్రూపులో పనిచేశారు. అన్నీ యాప్‌లోనే. పేరెంట్స్ మీటింగుకు టోకెన్ టైము ఇస్తారు, క్యూలో నిలబడే బాధ లేదు, ఇది నాకు బాగా నచ్చింది. ఆయన వచ్చాకే ఏది ఎవరి గొప్పో తేలింది. రెండు రోజులు రాకపోతే వచ్చే ఫోను ఇప్పటికీ వస్తోంది, ఎందుకంటే ఆ రిజిస్టరులో కాలమ్ ఉంది, ఏఓ గారి కింద క్లర్కుకు అది డ్యూటీ. క్లాసులో ఫీజు పేర్లు చదవడం మళ్ళీ రాలేదు. వెనక బెంచీలో కూర్చోవడం పోయింది, ప్రిన్సిపాల్ పాఠం చెప్పడం పోయింది, కొత్త పిల్లలకు మొదటి నెల మినహాయింపు కూడా పోయింది. ఇవన్నీ మేడమ్ మనసులో ఉన్నవి, ఆఫీసు కాగితం మీద పెట్టనివి. ఫీజు కట్టని పిల్లల ప్రోగ్రెస్ రిపోర్టులు ఇప్పుడు ఆఫీసులో ఆగుతున్నాయి. బాత్రూములు మాత్రం ఇప్పటికీ తళతళలాడుతున్నాయి. కరస్పాండెంట్ మారలేదు కదా.

చేర్పించాలనుకునేవాళ్ళు అడిగే ప్రశ్నలకు నా జవాబు. ముందు స్కూల్ వెబ్‌సైట్లో ‘మాండేటరీ పబ్లిక్ డిస్‌క్లోజర్’ అన్న పేజీ తెరవండి, సీబీఎస్ఈ స్కూళ్ళన్నీ అది పెట్టాలి. ప్రిన్సిపాల్ అర్హతలు, టీచర్ల సంఖ్య, ఫీజుల వివరం, గత మూడేళ్ళ బోర్డు ఫలితాలు అందులో దొరుకుతాయి. సెక్షన్ల సంఖ్య చూసి టీచర్ల లెక్క వేసుకోండి. సెక్షన్‌కు ఒకటిన్నర మంది చొప్పున ఉండాలన్నది బోర్డు నియమం. మేనేజింగ్ కమిటీలో ఇద్దరు తల్లిదండ్రులు ఉండాలి, ఆ పేర్లూ చూడండి. మా స్కూల్లో ఒకాయన కరస్పాండెంట్ గారి బంధువు, చిన్న ఊరు కాబట్టి రెండు నిమిషాల్లో తెలిసిపోయింది.

తర్వాత స్కూలు జరుగుతున్న రోజు మధ్యాహ్నం వెళ్ళండి. అడ్మిషన్ల మేళా రోజు వద్దు. అయిదేళ్ళలో ఎంతమంది ప్రిన్సిపాళ్ళు మారారో రిసెప్షన్‌లో కాకుండా గేటు దగ్గర అడగండి. ప్రిన్సిపాల్ ఏ క్లాసుకైనా పాఠం చెబుతున్నారా, తొమ్మిదిలో కింది సెక్షన్‌కు లెక్కలు చెప్పేది ఎవరు, ఈ రెండూ డీన్‌నే అడగండి. ఒకసారి బాత్రూమ్ వాడతామని చెప్పి లోపలికి వెళ్ళి రండి. టీచర్స్ డే ఉపన్యాసాలకు మాత్రం పడిపోకండి. రాధాకృష్ణన్ గారు చిన్నప్పుడు మన తిరుపతి మిషన్ స్కూల్లోనే చదివారని మా కరస్పాండెంట్ గారు ప్రతి సెప్టెంబరు 5న గర్వంగా చెబుతారు, నిజమే, వినడానికి బాగుంటుంది కూడా.

అయిదుకు మూడున్నర ఇస్తాను. మేడమ్ ఉన్నప్పుడైతే నాలుగున్నర ఇచ్చేదాన్ని. చిన్నోడు వచ్చే ఏడాది తొమ్మిదికి వెళ్తాడు, అక్కడే సెక్షన్లు విడగొడతారు. వాడు లెక్కల్లో అక్కకంటే వెనక. మార్చిలోపే ప్రిన్సిపాల్ గారిని కలిసి కింది సెక్షన్ టీచర్ల సంగతి అడగాలని యాప్‌లో అపాయింట్‌మెంట్ పెట్టాను. ఇంకా ‘పెండింగ్’ అనే చూపిస్తోంది. ఈ వారం కూడా అంతే అయితే ఇంటర్వెల్ టైముకు వెళ్ళి బాత్రూముల దగ్గర కరస్పాండెంట్ గారిని పట్టుకుంటాను.