మేనకోడలు మన ఇంట్లోనే పెరుగుతోంది: గార్డియన్‌షిప్పా, దత్తతా? ఏది మేలు?

అమ్మానాన్నలు పోయిన పిల్లని మేనమామో, పిన్నో, అమ్మమ్మో ఇంటికి తెచ్చుకుంటే మన దగ్గర ఎవరూ అదేమని అడగరు. కర్మకాండ అవుతూనే పెద్దవాళ్లు కూర్చుని ఎవరి దగ్గర పెరగాలో తేల్చేస్తారు. స్కూల్లో గార్డియన్ అన్న చోట మేనమామ సంతకం పెడితే పని జరిగిపోతుంది. టెన్షన్ మొదలయ్యేది ఎల్‌ఐసీ డబ్బు, పాస్‌పోర్టు, నాన్న పేరు మీద ఉన్న ఇల్లు దగ్గరే. “పిల్లకి మీరేమవుతారు?” అన్న ప్రశ్నకు “మేనమామని” అంటే చాలదు, కాగితం చూపించాలి. ఊరి పెద్దల సంతకాలతో నోటరీ చేయించిన స్టాంపు కాగితం అందుకు పనికిరాదు.

పైసా ఖర్చు లేని దారి జిల్లా బాలల సంక్షేమ కమిటీ. విచారణ జరిపి, మిమ్మల్ని ‘ఫిట్ పర్సన్’గా (పిల్లని చూసుకోవడానికి తగినవారిగా) గుర్తించి పిల్లని అప్పగిస్తూ ఉత్తర్వు ఇవ్వగలదు. దీనికి రక్తసంబంధం అక్కర్లేదు. నాన్న స్నేహితుడైనా, చదువు చెప్పిన టీచరైనా కావచ్చు. ఎవరిని కలవాలో తెలియకపోతే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి. కేంద్ర ప్రభుత్వ పిల్లల సంరక్షణ పథకం మిషన్ వాత్సల్య కింద నెలకు ₹4,000 స్పాన్సర్‌షిప్‌కి కూడా ఇక్కడినుంచే దారి. కుటుంబ ఆదాయం పల్లెల్లో ఏడాదికి ₹72,000, పట్టణాల్లో ₹96,000 దాటకూడదన్నది షరతు. కూలి చేసుకునే అమ్మమ్మకు ఆ నాలుగు వేలు చిన్న మొత్తమేం కాదు. అయితే ఈ ఉత్తర్వుతో పిల్ల ఆస్తిని చూసుకునే అధికారం రాదు. కమిటీ ఇచ్చిన గుర్తింపును కమిటీయే వెనక్కి తీసుకోవచ్చు కూడా.

ఆస్తి ఉంటే కోర్టు తప్పదు. 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం కింద, పిల్ల మామూలుగా ఉంటున్న ఊరి పరిధిలోని కోర్టులో పిటిషన్ వేయాలి. జడ్జి చూసేది పిల్ల బాగు. కాస్త ఊహ తెలిసిన పిల్లయితే తన ఇష్టం కూడా అడుగుతారు. నెలలు పడుతుంది. బాబాయి ఒకవైపు, మేనమామ ఒకవైపు నిలబడితే ఇంకా సాగుతుంది. కోర్టు గార్డియన్‌గా నియమించినా, పిల్ల ఇల్లో పొలమో కోర్టు అనుమతి లేకుండా అమ్మడానికి లేదు. చాలామందికి ఇది చికాకు. నాకు మాత్రం ఈ దారిలో నచ్చేదే ఇది. ఆస్తి కోసం పిల్లని దగ్గరకు తీసే చుట్టాలు లేరని ఎవరనగలరు? పిల్లకి పద్దెనిమిది నిండగానే గార్డియన్‌షిప్ ముగుస్తుంది, ఆస్తి తన చేతికొస్తుంది.

ఇక దత్తత. “మన పిల్లే కదా, దత్తత చేసేసుకుందాం” అనడం తేలిక. హిందూ దత్తత చట్టం, 1956 ప్రకారం తల్లిదండ్రులు ఇద్దరూ లేనప్పుడు పిల్లని దత్తత ఇవ్వాల్సింది గార్డియన్, అదీ కోర్టు అనుమతితో. అమ్మమ్మ వెళ్లి సబ్ రిజిస్ట్రార్ దగ్గర దత్తత పత్రం రాసిస్తే చెల్లదు. పైగా మీకు ఇప్పటికే కూతురుంటే ఈ చట్టం కింద ఇంకో ఆడపిల్లని దత్తత తీసుకోలేరు. బాలల న్యాయ చట్టం, 2015లో ఆ అడ్డు లేదు, మతం పట్టింపూ లేదు. దత్తతలు చూసే కేంద్ర సంస్థ ‘కారా’ పోర్టల్‌లో నమోదు చేసుకుంటే జిల్లా బాలల సంరక్షణ విభాగం వాళ్లు వచ్చి వాకబు చేస్తారు. అయిదేళ్లు నిండిన పిల్లయితే తన ఒప్పుదల కావాలి. 2022 సెప్టెంబర్ నుంచి దత్తత ఉత్తర్వు ఇస్తున్నది కోర్టు కాదు, కలెక్టర్.

ఇక్కడే ఆగి ఆలోచించాలి. పిల్ల తాతయ్యకు, అంటే నాన్న నాన్నకు, స్వార్జితం రెండెకరాలు ఉందనుకోండి. ఆయన వీలునామా రాయకుండా పోతే, చనిపోయిన కొడుకు బిడ్డగా మీ మేనకోడలికి అందులో వాటా ఉంటుంది. ఈలోగా మీరు దత్తత తీసుకుంటే పుట్టింటితో చట్టపరమైన బంధం తెగుతుంది, ఆ వాటా పోతుంది. నాన్న నుంచి అప్పటికే వచ్చిన ఆస్తికి మాత్రం ఢోకా లేదు. డబ్బు సంగతి పక్కన పెట్టినా, పదేళ్ల పిల్లకి అమ్మానాన్నల పేర్లు బాగా గుర్తుంటాయి. సర్టిఫికెట్లలో ఆ పేర్లు మార్చేసే ముందు తననొకసారి అడగండి. ఆ వయసు పిల్లకి గార్డియన్‌షిప్ చాలంటాను. నెలల బిడ్డయి, పెంచేవాళ్లకు పిల్లలు లేకపోతే దత్తతే మేలు. అమెరికాలో ఉన్న బాబాయి తన వెంట తీసుకెళ్లాలన్నా దత్తతే కావాలి. గార్డియన్‌షిప్ చూపించి డిపెండెంట్ వీసా అడిగితే ఇవ్వరు.

ఇంకో చిక్కుంది. బంధువుల పిల్లని దత్తత తీసుకునే విషయంలో బాలల న్యాయ చట్టం ‘బంధువు’ అన్నది తల్లిదండ్రుల తోబుట్టువులనీ, రెండు వైపుల తాతా అవ్వలనీ మాత్రమే. చెల్లెల్ని పెంచుతున్న ఇరవై రెండేళ్ల అక్క ఆ జాబితాలో లేదు, వరసకు పిన్ని అయ్యేవాళ్లూ లేరు. అక్కకి కమిటీ ఉత్తర్వో, కోర్టు గార్డియన్‌షిప్పో దారి.

అమ్మ కువైట్‌లో పనికి వెళ్తే పిల్లలు అమ్మమ్మ దగ్గర ఉండటం కడప, కోనసీమ వైపు మామూలే. నాన్న లేనప్పుడు అక్కడ అసలు గార్డియన్ అమ్మే. ఆమెకు అర్హత లేదని తేలితే తప్ప కోర్టు ఇంకొకరిని నియమించదు. కాబట్టి ఆ అమ్మమ్మ కోర్టు చుట్టూ తిరగనక్కర్లేదు. స్కూలుకీ, ఆస్పత్రికీ చూపించడానికి కూతురి చేత ఒక ఆథరైజేషన్ లెటర్ రాయించి దగ్గర పెట్టుకుంటే చాలావరకు పని నడుస్తుంది.