కంటి చూపు పోయింది, పరిహారం రాలేదు: రాజీ మేలా, కేసు మేలా?

మిర్యాలగూడ మిల్లుల్లో గానీ, జడ్చర్ల కంపెనీల్లో గానీ, ఊరి పక్క క్రషర్‌లో గానీ పనిలో దెబ్బ తగిలితే మొదట వినబడే మాట ఒకటే: "కేసులెందుకే, మేం చూసుకుంటం గద." మా బామ్మర్ది ఆ మాట నమ్మే నెలలకు నెలలు ఆగాడు. వాడు చేసేది నలుగురైదుగురు ఉండే చిన్న వెల్డింగ్ షాపులో. గ్రైండర్ చక్రం పగిలి ముక్క కుడి కంట్లో పడింది, గుడ్డు మిగిలింది గానీ చూపు పోయింది. మొదట్లో ఆస్పత్రి బిల్లు కట్టిన ఓనరు తర్వాత ఫోన్ ఎత్తడం మానేశాడు, ఇప్పుడేమో రెండు లక్షలిస్తా, బాండు పేపర్ మీద సంతకం పెట్టు అంటున్నాడు.

ఎవరైనా సరే ముందు జీతం చీటీ చూసుకోండి. ఈఎస్ఐ (జీతంలోంచి కోత పడే కార్మికుల బీమా) ఉన్నవాళ్లకు ఈ చర్చే లేదు, ఓనరు మీద పరిహారం కేసు కుదరదు, మెడికల్ బోర్డు తేల్చిన శాతాన్ని బట్టి ఈఎస్ఐ నుంచే నెలనెలా డబ్బు వస్తుంది. మావాడికి అది లేదు కాబట్టి 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టమే దిక్కు. (2025 నవంబరు 21 నుంచి దాని స్థానంలో కొత్త సామాజిక భద్రత కోడ్ వచ్చింది, కానీ వాడి ప్రమాదం అంతకుముందుది.)

రెండు లక్షలు ఎక్కువా తక్కువా అన్నది లెక్క వేస్తేనే తెలుస్తుంది. వాడికి 30 ఏళ్లు. జీతం ఎంతున్నా చట్టం 15,000 వరకే లెక్కలోకి తీసుకుంటుంది, అందులో 60 శాతం 9,000, దాన్ని ఆ వయసుకిచ్చిన 207.98తో గుణిస్తే 18,71,820. గుడ్డు బాగుండి ఒక కంటి చూపు పోతే అందులో 30 శాతం, అంటే 5,61,546 రూపాయలు. కన్నే పోతే 40 శాతం. నెలలోపు ఇవ్వకపోతే 12 శాతం వడ్డీ, అంటే ఏడాదికి 67 వేల పైమాటే. సరైన కారణం లేకుండా ఆపితే 50 శాతం దాకా జరిమానా కూడా వేయొచ్చు. ఆస్పత్రి ఖర్చు వేరే, అది ఓనరు ఎలాగూ పెట్టుకోవాల్సిందే, దాన్ని పరిహారంలో కలిపి చెబితే ఒప్పుకోకండి.

అలాగని కేసు హాయిగా నడుస్తుందని చెప్పను. నల్లగొండ లేబర్ ఆఫీసుకు తిరగాలి, వాయిదాలు పడతాయి, డాక్టరు సాక్ష్యం కావాలి, "రక్షణ కళ్లద్దాలు ఇచ్చాం, కావాలనే పెట్టుకోలేదు" అని ఓనరు వాదిస్తాడు. నిజంగా ఇచ్చాడా అన్నది అప్పుడు తేలుతుంది. అన్నిటికంటే ప్రమాదం ఓపీ చీటీతో. వెంట వచ్చిన ఓనరు మనిషి "బండి మీంచి పడ్డాడు" అని రాయించాడంటే ఆ ఒక్క లైనే మొత్తం కేసును తినేస్తుంది. మావాడి చీటీలో పనిలో తగిలిందనే ఉంది, బతికిపోయాం.

రాజీలో లాభం చేతికి పైసలు త్వరగా రావడం. ఇంటి మీద మూడు రూపాయల వడ్డీ అప్పున్నవాడికి అది చిన్న విషయం కాదు. కానీ బాండు పేపర్ మీద "ఇక ఏ హక్కూ లేదు" అని రాయించుకున్నా చట్టం ముందు అది చెల్లదు (17వ సెక్షన్). ఒప్పందాన్ని లేబర్ ఆఫీసులో ఈ కేసులు చూసే కమిషనర్ దగ్గర రిజిస్టర్ చేయించాలి, మొత్తం మరీ తక్కువైతే ఆయన ఒప్పుకోకపోవచ్చు కూడా. ఓనర్లు ఆ ఆఫీసు పేరెత్తితే తప్పించుకునేది అందుకే.

వికలాంగుల పెన్షన్ ఉందిగా అనుకోవద్దు. సదరం (వైకల్య ధ్రువపత్రం) లెక్కలో ఒక కన్ను పోతే 30 శాతమే, పెన్షన్‌కు 40 కావాలి.

నా మటుకు నేను కేసు వేశాకే రాజీ మాట్లాడమంటాను. గడువు ప్రమాదం జరిగిన నాటి నుంచి రెండేళ్లు, "ఇస్తా ఇస్తా" అంటూ లాగేది చాలాసార్లు ఆ గడువు దాటించడానికే. వకీలు ఫీజు భయముంటే జిల్లా న్యాయసేవాధికార సంస్థలో ఉచితంగా అడగొచ్చు. ఈ వారమే పిటిషన్ వేస్తున్నాం. ఆ తర్వాత ఓనరు వస్తే రమ్మనండి, నాలుగున్నర లక్షలకు ఒక్క రూపాయి తగ్గినా సంతకం పెట్టొద్దని వాడికి గట్టిగా చెప్పాను.