ఇతిహాసం పక్కన తెరిచి ఉంచుకోదగిన మూడు పుస్తకాలు

మిడిల్ ఎర్త్ అనే ఊహాలోకంలో సాగే, జె.ఆర్.ఆర్. టోల్కీన్ రచించిన ‘ద లార్డ్ ఆఫ్ ద రింగ్స్’ నవల మొదటి రెండు సంపుటాలు 1954లోను, మూడవది 1955లోను వెలువడ్డాయి. మూడవ సంపుటం చివర రాజవంశాల చరిత్రను, సంవత్సరాల వారీ కథాక్రమాన్ని, వంశవృక్షాలను, పంచాంగాన్ని, లిపులను, భాషలను వివరించే అనుబంధాలను రచయితే చేర్చారు. కథ ముగిసినా ఆ లోకంలో తెలుసుకోవలసినది ఇంకా ఎంతో మిగిలి ఉన్నదన్న ఆకలిని పాఠకులలో రేపినవి ఆ అనుబంధాలే. ఆ ఆకలిని తీర్చడానికి ఇతరులు రాసిన తోడు పుస్తకాలు ఈనాడు ఒక అల్మరాను నింపగలవు. వాటిలో మూడింటిని మూలగ్రంథంతో పాటు పదే పదే తిరగేసిన పాఠకుడిగా, వాటి బాగోగులను ఇక్కడ చెప్పదలచుకున్నాను.

ఇటువంటి పుస్తకాన్ని అంచనా వేయడానికి నేను వాడే గీటురాయి ఒక్కటే. రచయిత చెప్పినది ఏది, సంకలనకర్త ఊహించినది ఏది అన్న తేడా పాఠకుడికి స్పష్టంగా తెలియాలి. ఈ పట్టింపు నాకు ఊరికే రాలేదు. చాలా ఏళ్ల క్రితం, అందమైన రంగుల బొమ్మలున్న ఒక విజ్ఞాన సర్వస్వం కొని, అందులో ఒక జీవజాతి అలవాట్ల గురించి చదివిన నాలుగు వాక్యాలకు ఆధారం కోసం మూలగ్రంథాన్ని, అనుబంధాలను రెండు సాయంత్రాలు వెతికాను. అవి ఎక్కడా లేవు. సంకలనకర్త తన ఊహను రచయిత మాటల మధ్య కలిపేసి, ఆ సంగతి ఒక్క ముక్కైనా చెప్పలేదు. ఆ పుస్తకాన్ని నేను మళ్లీ తెరవలేదు.

ఈ మూడింటిలో నా మనసుకు అన్నిటికన్నా దగ్గరైనది కేరెన్ విన్ ఫాన్‌స్టాడ్ రూపొందించిన ‘ది అట్లాస్ ఆఫ్ మిడిల్ ఎర్త్’. భూగోళశాస్త్రం చదువుకుని పటాల రచనలో శిక్షణ పొందిన ఆమె 1981లో దీన్ని తొలిసారి ప్రచురించారు. తరువాతి కాలంలో క్రిస్టఫర్ టోల్కీన్ తన తండ్రి రాతప్రతులను సంపుటాలుగా వెలువరిస్తూ ఉండగా, వాటినీ పరిశీలించి 1991లో సవరించిన కూర్పును అందించారు. యుగాల వారీగా మారిన నేలల రూపురేఖలు, ప్రాంతాల పటాలు, కోటల నమూనాలు, మోరియా గుహల లోపలి అమరిక, యుద్ధాలలో సేనల కదలికలు, వాతావరణం, వృక్షసంపద, భాషల వ్యాప్తి, ఇలా ఒక నిజమైన దేశానికి తయారుచేసే అట్లాసులో ఏమేమి ఉంటాయో అవన్నీ ఇందులో ఉన్నాయి. పటాలను కొద్ది రంగులతోనే సరిపెట్టారు కాబట్టి, నిగనిగలాడే చిత్రాలను ఆశించేవారికి మొదట కొంత నిరాశ కలగవచ్చు. నాకు మాత్రం ఆ నిరాడంబరత వల్లనే నది గీత నదిగా, బాట గీత బాటగా తేటగా కనిపిస్తాయి.

ఈ అట్లాసు అసలు బలం ప్రయాణాల పటాలలో ఉన్నది. కథానాయకుడు ఫ్రోడో బృందం ఏ రాత్రి ఎక్కడ మజిలీ చేసింది, మరునాడు ఎంత దూరం నడిచింది అన్న లెక్కను ఆమె కథలోని తేదీలతో, నేల స్వభావంతో సరిచూసుకుంటూ కట్టారు. ఆమె కొలతల ప్రకారం ఫ్రోడో ఇల్లైన బ్యాగ్ ఎండ్ నుంచి అతని తొలి గమ్యమైన రివెండెల్‌కు 458 మైళ్లు. అభిమానులలో కొందరు తమ రోజువారీ నడకను ఈ లెక్కకు జమ కట్టుకుంటూ, అతని చివరి గమ్యమైన అగ్నిపర్వతం దాకా మొత్తం 1,779 మైళ్లు పూర్తి చేయాలని పూనుకుంటారు. నేనూ అలా రివెండెల్ చేరాను. మూలంలో ఒక్క పేరాలో ముగిసిపోయే ఎడారి నేలను దాటడానికి నాకు ఎన్ని రోజులు పట్టిందో తెలిసిన తరువాత, ఆ పేరాను ఇదివరకటి వేగంతో చదవలేకపోతున్నాను.

ఫాన్‌స్టాడ్ నిజాయితీకి నేను ఎప్పుడూ చూపే ఉదాహరణ ఒకటున్నది. టోల్కీన్ అంతకుముందు రాసిన ‘ద హాబిట్’లో మరుగుజ్జుల బృందానికి నది సమీపంలో ఉండగానే ట్రోల్‌లనే రాక్షసుల నెగడు కనిపిస్తుంది. పెద్ద కథ ‘ద లార్డ్ ఆఫ్ ద రింగ్స్’లోనేమో దారి చూపే ఆరగార్న్ వెంట వచ్చిన ఫ్రోడో అక్టోబరు 13న ఆ నది మీది వంతెన దాటి, 18వ తేదీకి గాని రాయిగా మారిన ఆ ట్రోల్‌లున్న చోటికి చేరడు. ఆ దారులన్నీ ఎరిగిన ఆరగార్న్, అందులోనూ గాయపడిన ఫ్రోడోను వెంటబెట్టుకుని తొందరలో ఉన్న మనిషి, అంత కొద్ది దూరానికి అన్ని రోజులు ఎందుకు తీసుకుంటాడు? రెండు కథలూ ఇక్కడ పొసగవు. పటం గీసేవారు ఇటువంటి చోట రెండు గుర్తులనూ కాస్త అటూ ఇటూ జరిపి చిక్కును కప్పిపుచ్చగలరు. ఆమె ఆ పని చేయక, ఈ రెండు ప్రయాణాలకూ లంకె కుదరడం లేదన్న సంగతిని పాఠకుడి ముందే ఉంచారు. ఈ ఒక్క పుటను చదివినప్పుడే ఈ పుస్తకాన్ని నమ్మవచ్చునన్న నిశ్చయానికి వచ్చాను.

అయినా పటం అన్న ప్రక్రియలోనే ఒక ఇబ్బంది ఉన్నది. వ్యాఖ్యలో ‘ఇది నా అంచనా’ అని ఆమె ఎంత స్పష్టంగా రాసినా, పటం మీద ఆ అంచనా గీత రచయిత చెప్పిన గీతతో సమానమైన నలుపుతోనే కనిపిస్తుంది, చూసినవారి మనసులో నిలిచేదేమో వ్యాఖ్య కాక గీతే. తొలియుగపు థాంగొరోద్రిమ్ శిఖరాల సంగతే తీసుకుందాం. వాటి ఎత్తు 35,000 అడుగులు ఉంటుందన్నది టోల్కీన్ గీసిన ఒక చిత్రంలో దూరాన కనిపించే శిఖరాలను బట్టి ఆమె కట్టిన లెక్క. చిత్రం కొలతల ప్రకారం గీసినదైతేనే అది నిలుస్తుంది. మా పాఠక మిత్రుల చర్చలో ఒకరు ఈ అంకెను టోల్కీన్ స్వయంగా చెప్పినట్టే ఉదహరించారు, మరొకరు దాని మీద ఆధారపడి ఆ పర్వతాలు ఎవరెస్టు కన్నా ఎత్తైనవని వాదించారు. తొలియుగపు కథలున్న ‘ద సిల్మరిలియన్’ అంతా గాలించినా ఆ అంకె దొరకక, చివరికి అట్లాసులోని వ్యాఖ్యను మళ్లీ చదివినప్పుడు గాని వాదన చల్లారలేదు. ఊహతో గీసిన రేఖలను చుక్కల గీతలుగానో పలచని రంగులోనో వేరుపరచి ఉంటే ఇటువంటి పొరపాట్లు చాలా తగ్గేవి. ఈ అట్లాసులో నాకు కనిపించే పెద్ద లోపం అదే. అందుకే ఎదుటి పుటలోని వ్యాఖ్యను వదిలి పటాలను మాత్రమే చూడవద్దని కొత్తగా కొనేవారిని కోరుతాను.

రెండవది రాబర్ట్ ఫాస్టర్ కూర్చిన ‘ద కంప్లీట్ గైడ్ టు మిడిల్ ఎర్త్’. 1971లో చిన్నదిగా మొదలై, ‘ద సిల్మరిలియన్’ వెలువడిన మరుసటి ఏడాది 1978లో విస్తరించిన నిఘంటువు ఇది. మనుషులు, ఊళ్లు, ఖడ్గాలు, గుర్రాలు, పూలమొక్కలు అన్నీ అకారాది క్రమంలో ఉంటాయి. ప్రతి పదం వివరణకూ చివర అది మూలంలో ఎక్కడున్నదో సంపుటం, పుట సంఖ్యలతో సహా చూపిస్తారు. క్రిస్టఫర్ టోల్కీన్ అంతటివారు 1980 నాటి ‘అన్‌ఫినిష్డ్ టేల్స్’ పీఠికలో, దీన్ని తాను తరచూ వాడుతుంటానని చెప్పి మెచ్చుకున్నారు. అందులోని సమాచారం ‘ద సిల్మరిలియన్’ దగ్గర ఆగిపోతుందని, పుట సంఖ్యలు ఆ కాలపు ముద్రణలవని గుర్తుంచుకుంటే చాలు. ఇది మొదటిసారి కథ చదువుతున్నవారు తెరవదగిన పుస్తకం కాదు, ఎందుకంటే పాత్ర పేరు పక్కనే జనన మరణ సంవత్సరాలు ఉంటాయి, ఒక పేరు ఎవరిదో చూద్దామని వెళ్లినవారికి ఆ పాత్ర చివరికి ఏమయిందో కూడా తెలిసిపోతుంది.

మూడవది వేన్ హామండ్, క్రిస్టీనా స్కల్ దంపతులు 2005లో వెలువరించిన ‘ద లార్డ్ ఆఫ్ ద రింగ్స్: ఎ రీడర్స్ కంపానియన్’. ప్రబంధాలకు టీకా తాత్పర్యాలతో వ్యాఖ్యానం రాసే పద్ధతికి అలవాటుపడిన మనకు దీని రీతి వెంటనే పట్టుబడుతుంది. అధ్యాయం వెంట అధ్యాయం, మూలంలోని పదబంధాన్ని ఎత్తి చూపి, దాని కింద అర్థాన్ని, పూర్వ రూపాన్ని, రచయిత ఉత్తరాలలో ఉన్న సంబంధిత విషయాన్ని ఇస్తారు. మూలపాఠం ఇందులో ఉండదు కాబట్టి రెండు పుస్తకాలనూ పక్కపక్కన పెట్టుకోవలసిందే.

దీనిలో నన్ను కట్టిపడేసినది చంద్రుడి లెక్క. లోత్‌లోరియెన్ అనే మాయా అడవిలో దాదాపు నెల గడిపి నది మీద సాగుతున్నప్పుడు, సన్నని నెలవంకను చూసిన ఫ్రోడో సహచరుడు సామ్, ఆ అడవిలో కాలమే గడవనట్టున్నదని తికమకపడతాడు. తొలి పఠనంలో అది నాకు కేవలం మాయాలోకపు ముచ్చటగా తోచింది. రచయిత 1941-42 నాటి నిజమైన చంద్రకళలను కొద్ది రోజుల తేడాతో తన కథకు అన్వయించుకున్నారని, చిత్తుప్రతులలో ఆ అడవి బయటా లోపలా కాలం ఎలా నడవాలన్న దాని మీద పలుమార్లు ఆలోచన మార్చుకున్నారని ఈ వ్యాఖ్యానం చదివాక తెలిసింది. సామ్ వేళ్ల మీద లెక్కపెట్టే రోజుల వెనుక రచయిత పడిన అంత శ్రమ ఉన్నదని ఎరిగి చదివితే ఆ సన్నివేశం బరువే వేరు.

అనువాదకుల కోసం టోల్కీన్ రాసిన పేర్ల వివరణ కూడా ఇందులో పూర్తిగా ఉన్నది. డచ్, స్వీడిష్ అనువాదాలలో పేర్లను మార్చిన తీరు నచ్చక ఆయన సిద్ధం చేసిన సూచనలవి. ఫ్రోడో ఇంటిపేరైన బ్యాగిన్స్‌లో ‘సంచి’ ధ్వనించాలని, అతని జాతి పేరైన హాబిట్ అన్న మాటను మాత్రం అనువదించకూడదని ఆయన కోరారు. మన భాషలోకి ఆ పేర్లను తేవాలని ఎవరైనా తలపెడితే ముందుగా చదవవలసినవి ఈ పుటలే. అయితే ఒక్క మాటకు పుటన్నర వివరణ వచ్చే చోట్ల కథ ఊపు తెగిపోతుంది, పైగా వ్యాఖ్యాతలు తరువాత జరగబోయే సంఘటనలను సంకోచించకుండా ప్రస్తావిస్తారు. అందువల్ల అధ్యాయం మొత్తం చదివి ముగించాకే దీన్ని తెరవడం మేలు.

కథలో ఎదురయ్యే టామ్ బాంబడిల్ అనే వింత పాత్ర అసలు ఎవరన్న ప్రశ్న దగ్గర ఈ మూడు పుస్తకాలలో ఏదైనా జవాబు ఇస్తుందేమోనని నా మిత్రులలో ఒకరు ఎంతో ఆశతో అడిగారు. ఇవ్వదు. పురాణకాలంలోనూ కొన్ని చిక్కుముడులు ఉండాలని, బాంబడిల్ తాను కావాలనే అలా వదిలినవాడని 1954 నాటి ఉత్తరంలో టోల్కీన్ రాశారు. హామండ్, స్కల్ పాఠకుల ఊహాగానాలకు తమ వంతు ఒకటి చేర్చక, రచయిత మాటలనే ముందుంచుతారు. మిత్రుడికి ఆ జవాబు తృప్తినివ్వలేదు, నాకు మాత్రం ఈ వ్యాఖ్యానం మీద గౌరవం పెరిగింది. ఒక్క పుస్తకం కొనేందుకే వీలున్నవారికి నేను అట్లాసునే సూచిస్తాను, ఇదివరకే రెండు మూడు సార్లు కథ చదివినవారైతే రీడర్స్ కంపానియన్‌ను. ఫాస్టర్ నిఘంటువు ‘ద సిల్మరిలియన్’లోని పేర్ల మధ్య దారి తప్పినవారికి కావాలి, అక్కడ ఫిన్వే, ఫింగోల్ఫిన్, ఫినార్ఫిన్, ఫిన్‌రోద్ వరుసగా ఎదురైనప్పుడు.