పెంటాక్స్ కె1000, ఒక పాత స్కానర్: 11 ఏళ్ల వాడకం తర్వాత

ముందే చెప్పేస్తున్నా, రీలు కెమెరా ఫొటోల్లో గ్రెయిన్ (ఆ సన్నటి చుక్కలు) బాగుంటుంది, ఆ రంగులే వేరు లాంటి మాటల కోసం వచ్చినవాళ్లకు ఇక్కడ పెద్దగా ఏమీ దొరకదు. ఇప్పుడు ఫోన్ ఫొటోకు ఫిల్టర్ వేసి రీలు ఫొటో పక్కన పెడితే ఏది ఏదో నేనే కనిపెట్టలేను. అయినా ఇన్నేళ్లుగా రీలు కొంటూనే ఉన్నానంటే దానికి సగం కారణం కెమెరా కాదు, అందరూ విసుక్కునే స్కానింగ్, అంటే నెగటివ్‌లను కంప్యూటర్‌లోకి ఎక్కించడం.

కెమెరా సంగతి త్వరగా చెప్పేస్తా. 1976లో వచ్చి 1997 దాకా తయారైన మోడల్ ఇది. మా బావ అమెరికాలో చదువుకునే రోజుల్లో ఫొటోగ్రఫీ క్లాసు కోసం సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడట, ఒకసారి వచ్చినప్పుడు "ఉంచుకోరా, నా దగ్గర అటక మీదే ఉంటోంది" అని ఇచ్చేసి వెళ్లాడు. షట్టర్ మొత్తం మెకానికల్, బ్యాటరీ పని చేసేది వెలుతురు కొలిచే లైట్ మీటర్ కోసమే. వ్యూఫైండర్‌లో కుడివైపు ఒక సన్నటి ముల్లు కనిపిస్తుంది, అది మధ్యకు వచ్చేదాకా షట్టర్ స్పీడో అపర్చరో (లెన్స్‌లో వెలుతురు వచ్చే రంధ్రం) తిప్పుకోవాలి, అంతే. మీటర్‌కు ఆఫ్ స్విచ్ లేదు, లెన్స్‌కు మూత పెట్టడమే ఆఫ్ చేయడం. ఈ ముక్క తెలిసేలోపు నావి మూడు బటన్ సెల్స్ ఖర్చయ్యాయి. సెల్ఫ్ టైమర్ కూడా లేదు, అందుకే ఇన్నేళ్ల మా ఇంటి ఫొటోల్లో నేను లేను.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు ఒక్క జాగ్రత్త చెబుతా. మా చెల్లి సీమంతం మొత్తం తీశాను, ఎన్ని ఫొటోలయ్యాయో చూపే కౌంటర్ 36 దాటింది, 38 అయింది, 39 అయింది, రీలు ముందుకు జరిపే లివర్ ఇంకా హాయిగా తిరుగుతోంది. రీలు అసలు పట్టుకోనే లేదు! కౌంటర్‌కు అదేం పట్టదు, లివర్ లాగినప్పుడల్లా లెక్కపెట్టుకుంటూ పోతుంది. కాబట్టి రీలు వేశాక లివర్ లాగుతూ ఎడమవైపు ఉన్న రీవైండ్ నాబ్ చూడండి, అది కూడా తిరుగుతుంటేనే లోపల ఫిల్మ్ కదులుతున్నట్టు. చెల్లి ఇప్పటికీ ఆ మాట ఎత్తుతుంది.

ఇక స్కానర్. ఏడేళ్ల కిందట కొన్న ఫ్లాట్‌బెడ్, అంటే అద్దం పలక మీద పెట్టి స్కాన్ చేసే రకం. పెట్టె మీద వేలకు వేల డీపీఐ (అంగుళానికి ఎన్ని చుక్కలు చదువుతుందో ఆ లెక్క) రాసి ఉంటుంది కానీ ఏ ఫ్లాట్‌బెడ్‌లోనైనా ఆ అంకెను అలా నమ్మేయకూడదు, ఫైలు పెరుగుతుంది తప్ప వివరం పెరగదు. నేను 2400 దగ్గర ఆగిపోయాను. 35 ఎంఎం ఫ్రేముకు అటూ ఇటూగా 3400 బై 2270 పిక్సెల్స్ వస్తాయి, గోడకు పెట్టే ప్రింటుకు చాలు. రీలును ఆరు ఫ్రేముల చొప్పున ముక్కలుగా కోసి, హోల్డర్‌లో రెండేసి ముక్కలు పెడతాను, అంటే రీలుకు మూడు విడతలు, భోజనాలయ్యాక మొదలుపెడితే ఒక రాత్రి. కలర్ అయితే ఇన్‌ఫ్రారెడ్‌తో దుమ్ము మచ్చలు దానంతటదే తీసేస్తుంది. బ్లాక్ అండ్ వైట్‌కు ఆ సదుపాయం లేదు, ఎందుకంటే అందులో బొమ్మ ఉండేది వెండితో, ఆ వెండి కూడా దుమ్ములాగే ఇన్‌ఫ్రారెడ్‌ను ఆపేస్తుంది. కాబట్టి మచ్చ మచ్చకూ మౌస్ పట్టుకుని కూర్చోవాల్సిందే.

కూర్చోవడమే నాకు నచ్చింది. ఫోన్లో ఉన్న వేల ఫొటోల్లో దేన్నీ నేను పది సెకన్లు చూసి ఉండను. ఇక్కడ మచ్చలు తీస్తూ ఒక్కో మొహం దగ్గర ఐదు నిమిషాలుంటాను, ఎవరు ఎటు చూస్తున్నారో, ఎవరి చెప్పులు తెగాయో అన్నీ కనబడతాయి. ఇంట్లో ఉన్న పాత నెగటివ్‌లు కూడా మొదలుపెట్టాక అయితే మరీనూ. 1991లో మా గృహప్రవేశం ఫొటో ఒకటుంది, ఆల్బమ్‌లో ముప్పై ఏళ్లుగా చూస్తున్నదే. అప్పట్లో స్టూడియోలో మూడున్నర బై ఐదు ప్రింట్లు వేసేవారు, నెగటివ్ దానికంటే కాస్త పొడుగు, అందుకని పక్కలు తెగిపోయేవి. స్కాన్ చేస్తే కుడి అంచున గుమ్మం పక్కన మా పెదనాన్న, చేతిలో సగం కొరికిన బూరె! అమ్మకు చూపించాను, కళ్లజోడు పెట్టుకుని దగ్గరగా చూసి "అప్పటికే షుగర్ అని తేలింది, మీ పెద్దమ్మతో ఒక్కటి కూడా ముట్టలేదని ఒట్టేశాడు" అంది.

బ్లాక్ అండ్ వైట్ నేనే కడుగుతాను. ఒక ల్యాబ్‌లో రెండుసార్లు పొడవునా గీతలు పడి వచ్చాక నేర్చుకున్నా. డెవలపర్‌కు, అంటే ఫిల్మ్ మీద బొమ్మ తేల్చే రసాయనానికి, 20 డిగ్రీలు కావాలి, హైదరాబాద్‌లో మే నెలలో ట్యాంక్ నీళ్లు చెయ్యి పెడితే కాలతాయి. ఐస్ ముక్కలు జిప్ కవర్లో వేసి, బకెట్‌లో సీసాల పక్కన పెట్టి, థర్మామీటర్ దిగేదాకా కాపలా కాయాలి. ఆరబెట్టేది బాత్రూమ్‌లో, బట్టల క్లిప్పులతో. ఆ రెండు గంటలూ ఇంట్లో ఎవరూ స్నానానికి వెళ్లకూడదు, దీని మీద గొడవలైన రోజులున్నాయి. వానాకాలం ఇంకో తలనొప్పి, లెన్స్‌కు బూజు పడుతుంది, సిలికా జెల్ వేసిన ప్లాస్టిక్ డబ్బాలో పెట్టకపోతే పోయినట్టే.

ఖర్చు అడగకండి. కలర్ రీలు, కడిగించడం కలిపితే నాకు ఒక్కో క్లిక్కుకు 35, 40 రూపాయలు పడుతోంది. పిల్లల ఆటలు, పరుగులు తీయాలంటే దీన్ని కొనకండి, ఫోకస్ చేసేలోపు వాళ్లు వీధి చివర ఉంటారు. సెకండ్ హ్యాండ్‌లో కొనేటప్పుడు వెనక తలుపు అంచున నల్ల ఫోమ్ వేలికి జిగురుగా అంటుకుంటుందేమో చూడండి, అంటుకుంటే వెలుతురు లోపలికి కారుతుంది. మార్పించడం పెద్ద పనేం కాదు, బేరమాడటానికి పనికొస్తుంది.

ప్రస్తుతం కెమెరాలో కౌంటర్ 22 దగ్గర ఉంది. మొదటి నాలుగైదు దసరావి అనుకుంటా, మిగతావి ఏం తీశానో గుర్తులేదు.